సూపర్ బస్తా, కూల్ డ్రింకు సీసా, నా దవడ పన్ను

మిరప కోతలు అయిపోయినయి, కాస్త తీరిక దొరికింది. నెల రోజులుగా పోస్టు పెట్టలేదేమని కొందరు ఫోన్ చేసి అడిగారు. పని ఒత్తిడి ఒకటి, పన్ను నొప్పి ఒకటి. ఈసారి రాసేది ఆ పన్ను గురించే. కొంచెం పొడుగు పోస్టు. తీరిగ్గా చదవండి, ఇంట్లో పిల్లలకి కూడా చదివి వినిపించండి.

ఎడమవైపు కింద దవడ పన్నుకి రెండేళ్ల క్రితం సిమెంటు పెట్టించుకున్నా. కోతల మధ్యలో ఒకరోజు చేలో అన్నం తింటుంటే రాయిలాగా ఏదో తగిలింది. తీసి చూస్తే ఆ సిమెంటు ముక్కే. టౌనుకి పోయి డాక్టరమ్మకి చూపించా. ఆమె అద్దం పెట్టి అటూ ఇటూ చూసి, "బాబాయ్ గారూ, సిమెంటు బాగానే ఉంది, దాని చుట్టూ ఉన్న పన్నే అరిగిపోయింది. కూల్ డ్రింకులు బాగా తాగుతారా?" అనడిగింది.

తాగుతానమ్మా అన్నా. నాకు షుగరొచ్చి నాలుగేళ్లయింది. టీ మానేశా. ఆ లోటు తీరడానికి పంచదార లేని కూల్ డ్రింకు అరలీటరు సీసా పొద్దున్నే కొనుక్కుని చేలో గట్టు మీద పెట్టుకుని సాయంత్రం దాకా ఒక్కో గుక్క తాగుతుంటా. పంచదార లేదు గదా, నష్టమేముందనుకున్నా. ఆ మాటే ఆమెతో అన్నా. ఆమె నవ్వి, "పంచదారతో వచ్చే పుచ్చు వేరు. ఇది పులుపు చేసిన పని. పన్నంటే కాల్షియం ఫాస్ఫేట్ అండీ, యాసిడ్‌లో కరుగుతుంది" అంది.

ఫాస్ఫేట్ అనే మాట దగ్గర నేను ఆగిపోయా. ముప్పై ఏళ్లుగా ఆ మాటని బస్తాల మీద చదువుతున్నా. ఇంటికొచ్చాక పుస్తకాలు, నెట్టు అన్నీ తిరగేశా. మన పంటికీ, మన ఎరువుకీ, ఆ సీసాకీ ఒకటే చరిత్ర అని అప్పుడు అర్థమయింది.

సూపర్ బస్తా సంగతితో మొదలుపెడతా, అది మనకి బాగా తెలిసిన విషయం. పాతకాలంలో ఇంగ్లండు రైతులు ఎముకలు పొడి చేసి పొలంలో చల్లేవాళ్లు. ఎముకలో భాస్వరం ఉంటుంది, కానీ ఊరికే చల్లితే అది త్వరగా కరగదు, మొక్కకి అందదు. రోథామ్‌స్టెడ్ అనే చోట జాన్ బెనెట్ లాస్ అనే ఆసామి ఆ ఎముకల మీద గంధకామ్లం పోసి చూశాడు. గట్టి ఎముక మెత్తబడి, నీళ్లలో కరిగే ఎరువయింది. 1842లో దానికి పేటెంటు తీసుకున్నాడు. అదే సూపర్ ఫాస్ఫేట్. తర్వాత ఎముకల బదులు భూమిలో దొరికే రాక్ ఫాస్ఫేట్ వాడడం మొదలయింది. ఆ రాయిలో ఉండే ఖనిజం పేరు అపటైట్.

మన పంటి పైన ఉండే తెల్లటి పొరని ఎనామిల్ అంటారు, బడి పుస్తకాల్లో పింగాణి పొర అని రాస్తారు. అందులో బరువు లెక్కన 96 శాతం ఖనిజమే. ఆ ఖనిజం కూడా అపటైట్ జాతిదే. అంటే రాక్ ఫాస్ఫేటు, పన్ను దగ్గరి చుట్టాలు. రాక్ ఫాస్ఫేటు మామూలు నేలలో ఏళ్లకొద్దీ కరగకుండా పడుంటుంది, పులుపు నేలలో అయితే కరుగుతుంది. ఇది మనకి వ్యవసాయ అధికారులు చెప్పే మాటే. నోరు కూడా అటువంటి నేలే అనుకోండి.

భూసార పరీక్ష కార్డులో పీహెచ్ అని ఒక అంకె ఉంటుంది. 7 అంటే మధ్యస్తం, పైకి పోతే చౌడు, కిందకి పోతే ఆమ్లం. నోట్లో మామూలుగా 7కి కొంచెం అటూ ఇటూ ఉంటుంది. అది సుమారు 5.5 కన్నా దిగితే ఎనామిల్ లోంచి కాల్షియం, ఫాస్ఫేటు బయటికి పోవడం మొదలవుతుంది. కోలా రకం డ్రింకుల పీహెచ్ సుమారు 2.5. ఈ లెక్కలో ఒక్కో అంకె తగ్గితే ఆమ్లం పది రెట్లు పెరిగినట్టు. 5.5 నించి 2.5కి మూడు మెట్లు, అంటే వెయ్యి రెట్లు. పంచదార లేని కోలా కూడా ఇంచుమించు 3 దగ్గరే ఉంటుంది. నేను రోజంతా గుక్క గుక్కగా పంటి మీద పోసుకున్నది అదన్నమాట.

అయితే తాగే నీళ్లలోకి ఈ పులుపు ఎట్లా వచ్చింది? మొదట వచ్చింది గ్యాసు. ఇంగ్లండులో లీడ్స్ ఊళ్లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ అనే మతగురువు ఉండేవాడు. ఆయన ఇంటి పక్కనే సారా కాదు, బీరు కాసే బట్టీ. పులుస్తున్న తొట్ల మీద తేలే గాలిని నీళ్లలో కలిపితే నీళ్లు చురుక్కుమంటున్నాయని 1767లో కనిపెట్టాడు. 1772లో దాని మీద చిన్న పుస్తకం వేశాడు. 1783లో జెనీవాలో జేకబ్ ష్వెప్ అనే ఆయన దాన్ని వ్యాపారం చేశాడు. 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన సీసా మెడలో గాజు గోలీ పెట్టి, గ్యాసు ఒత్తిడితో అదే మూతయ్యేలాగా సీసాకి పేటెంటు తీసుకున్నాడు. అదే మన గోలీ సోడా. వాళ్ల దేశంలో ఆ సీసా పోయింది, మన సంతల్లో, తిరునాళ్లలో ఇంకా టప్పుమంటూనే ఉంది.

ఉత్త సోడా వల్ల పంటికి వచ్చే నష్టం తక్కువ. అందులోని ఆమ్లం బలహీనమైంది, గ్యాసుతో పాటే లేచిపోతుంది. అసలు సంగతి దాంట్లో కలిపిన పులుపుతో మొదలయింది. నిమ్మరసంలోని పులుపుని షీలే అనే స్వీడన్ శాస్త్రవేత్త 1784లో విడదీశాడు. అదే సిట్రిక్ యాసిడ్, మన కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు. చాలాకాలం దాన్ని ఇటలీ నిమ్మకాయల నించే తీసేవాళ్లు. 1917లో జేమ్స్ కర్రీ అనే అమెరికా శాస్త్రవేత్త ఒక రకం నల్ల బూజుకి పంచదార మేపి అదే ఆమ్లం తీయొచ్చని చూపించాడు. రెండేళ్లలో ఫ్యాక్టరీ పెట్టారు. అక్కడినించి నిమ్మకాయ లేకుండానే నిమ్మ పులుపు చౌకగా దొరికింది. నిమ్మ, నారింజ రుచుల డ్రింకుల్లో ఉండేది ఇదే.

కోలాల దారి వేరు. 1886లో అమెరికాలో అట్లాంటా ఊళ్లో పెంబర్టన్ అనే మందుల వ్యాపారి కోకాకోలా తయారుచేశాడు. తర్వాత ఈ కోలాలన్నిటికీ పులుపుగా ఫాస్ఫరిక్ యాసిడ్ స్థిరపడింది. దాన్ని ఎట్లా చేస్తారో తెలుసా? రాక్ ఫాస్ఫేటు మీద గంధకామ్లం పోసి! ఫాస్ఫరిక్ యాసిడ్ వస్తుంది, అడుగున జిప్సం మిగులుతుంది. ఆ యాసిడ్‌కి అమ్మోనియా కలిపితే మన డి.ఏ.పి. జిప్సం వేరుశనగకీ, చౌడు నేలకీ వేస్తాం. తిండికి వాడే యాసిడ్‌ని బాగా శుద్ధి చేస్తారు, సీసాలో పడేది చాలా కొద్ది. నేను భయపెట్టడానికి చెప్పట్లేదు. డి.ఏ.పి.తో చుట్టరికం ఉందని డ్రింకు విషమైపోదు. కానీ అది గట్టి ఆమ్లం, కొద్దిగా వేసినా పీహెచ్‌ని బాగా కిందకి లాగుతుంది.

మరి పులుపు ఇంత ఉంటే నోటికి తెలియదా అంటారు. తెలియదు, పంచదార దాన్ని కప్పేస్తుంది. పంచదార లేని దాంట్లో ఇంకో తీపి కప్పేస్తుంది. వెనిగర్ ఎవరైనా గ్లాసుడు తాగగలరా? దాదాపు అంత పులుపున్న కోలాని పిల్లలు గటగటా తాగేస్తున్నారు.

పంటి విషయంలో కూడా పులుపుని పంచదారే కప్పేసింది. 1890లో విలోబీ మిల్లర్ అనే అమెరికా దంతవైద్యుడు బెర్లిన్‌లో ఉంటూ ఒక పెద్ద పుస్తకం రాశాడు. నోట్లో ఉండే సూక్ష్మజీవులు పంచదార, పిండి తిని ఆమ్లం తయారుచేస్తాయి, ఆ ఆమ్లమే పన్నుని పుచ్చేలాగా చేస్తుంది అని. అది నిజమే, ఇప్పటికీ అదే పాఠం. కానీ దాంతో జనం బుర్రలో ఒక లెక్క కూర్చుంది: పంచదార ఉంటే పంటికి చేటు, పంచదార లేకపోతే మంచిది. సూక్ష్మజీవులతో పని లేకుండా నేరుగా బయటినించి వచ్చే ఆమ్లం సంగతి పక్కకి పోయింది. మొదటిది పుచ్చు, రెండోది అరుగుడు. పుచ్చు ఒకచోట గుంట పెడుతుంది. అరుగుడు చేను మొత్తం పైమట్టి కొట్టుకుపోయినట్టు పరుచుకుని వస్తుంది, నల్లగా కనపడదు, అందుకే మనకి తెలియదు.

ఈ రెండో సంగతిని గట్టిగా బయటపెట్టినాయన క్లైవ్ మెక్కే. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో పశువుల పోషణ మీద ప్రొఫెసరు. రెండో ప్రపంచయుద్ధంలో ఆయన నౌకాదళం పరిశోధన సంస్థలో పనిచేశాడు. సైనికులు కోలాలు తెగ తాగుతుంటే వాటిలో ఏముందో పరీక్షించాడు. 1949లో ఎలుకల మీద చేసిన ప్రయోగాలు అచ్చువేశాడు. 1950లో అమెరికా పార్లమెంటులో జేమ్స్ డిలానీ అధ్యక్షుడుగా ఉన్న కమిటీ, తిండిలో కలిపే రసాయనాల మీద విచారణ చేస్తుంటే దాని ముందు సాక్ష్యం చెప్పాడు. ఎలుకలకి మంచి తిండే పెట్టి, తాగడానికి మాత్రం కోలా తప్ప ఇంకేమీ ఇవ్వకపోతే ఆరు నెలల్లో వాటి దవడ పళ్లు చిగుళ్ల దాకా కరిగిపోయినయి అని చెప్పాడు. మనిషి పన్నుని కోలాలో వేస్తే కొద్దికాలానికే మెత్తబడుతుందని కూడా చెప్పాడు.

"రాత్రి కోలాలో పన్ను వేస్తే తెల్లారేసరికి మాయమవుతుంది" అని మనం చిన్నప్పటినించి వింటున్నామే, ఆ మాటకి ఈ విచారణే బాగా ఊపునిచ్చింది. అది అబద్ధం. ఒక్క రాత్రికి పన్ను కరిగిపోదు. పై పొర మెత్తబడుతుంది, అంతవరకే నిజం. ఆ అబద్ధాన్ని పట్టుకుని కొట్టిపారేయడం కంపెనీలకి తేలికయింది, దాంతోపాటు నిజం కూడా కొట్టుకుపోయింది.

కంపెనీ తరఫున వచ్చిన శాస్త్రవేత్త అదే కమిటీ ముందు, మా డ్రింకులో ఉన్న ఆమ్లం శాతం నారింజలో కన్నా చాలా తక్కువ అని వాదించాడు. శాతం లెక్కన అది తప్పు కాదు. పైగా గ్లాసులో నానేసిన పన్ను వేరు, నోట్లో ఉన్న పన్ను వేరు. నోట్లో లాలాజలం ఉంటుంది. అది ఆమ్లాన్ని కడుగుతుంది, విరుస్తుంది, మెత్తబడిన పొరకి కాల్షియం, ఫాస్ఫేటు తిరిగి ఇస్తుంది. కానీ నారింజని ఎవరూ పొద్దున్నించి రాత్రి దాకా చప్పరించరు. 1958లో అమెరికాలో ఆహారంలో కలిపే రసాయనాల మీద కొత్త చట్టం వచ్చింది, కేన్సర్ తెప్పించే వాటిని నిషేధించింది. ఫాస్ఫరిక్ యాసిడ్ మాత్రం అనుమతుల్లోనే ఉండిపోయింది. పంటి సంగతి అక్కడితో అటకెక్కింది. 1993లో బ్రిటన్‌లో పిల్లల దంతాల సర్వేలో మొదటిసారి ఈ అరుగుడుని కూడా లెక్కపెడితే, ఐదేళ్ల పిల్లల్లో సగం మందికి పైగా పాలపళ్లలో కనిపించింది.

లాలాజలం ఎంతసేపట్లో బాగుచేస్తుందనేది కూడా పాత లెక్కే. 1940లలో రాబర్ట్ స్టెఫాన్ అనే అమెరికా శాస్త్రవేత్త, తీపి పుక్కిలించిన తర్వాత పళ్ల మీద పీహెచ్ నిమిషాల్లో పడిపోయి, మళ్లీ పాత స్థితికి రావడానికి అరగంట నించి గంట పడుతుందని గీత గీసి చూపించాడు. అది పుచ్చు గురించి చేసిన పనే అయినా మనకి కావాల్సిన పాఠం అందులో ఉంది. నోటికి తేరుకునే టైము ఇవ్వాలి. పది నిమిషాలకో గుక్క తాగేవాడి నోరు ఎప్పుడు తేరుకుంటుంది? తడి ఆరకముందే మళ్లీ నీళ్లు పెట్టిన చేను లాంటిదే.

ఇక సిమెంటు దగ్గరికి వద్దాం. పుచ్చు పన్నుకి 19వ శతాబ్దం నించి పాదరసం, వెండి కలిపిన ముద్ద పెట్టేవాళ్లు. పాత తరం నోళ్లలో నల్లగా కనపడేది అదే. 1955లో అమెరికాలో రోచెస్టర్ ఊళ్లో మైఖేల్ బ్యునకోర్ అనే దంత పరిశోధకుడికి ఒక ఆలోచన వచ్చింది. రంగు బాగా పట్టాలని ఇనుముకి ముందుగా ఫాస్ఫరిక్ యాసిడ్ పూస్తారు గదా, పంటికి పూస్తే? పూశాడు. 85 శాతం ఫాస్ఫరిక్ యాసిడ్, 30 సెకన్లు. ఎనామిల్ కంటికి కనపడనంత సన్నగా గరుకుదేలింది, దాని మీద ప్లాస్టిక్ జిగురు గట్టిగా పట్టుకుంది. తర్వాత 1962లో రాఫెల్ బోవెన్ తయారుచేసిన రెజిన్‌తో ఇప్పటి తెల్ల ఫిల్లింగులు వచ్చినయి. ఇప్పటికీ డాక్టర్లు ఫిల్లింగు పెట్టేముందు 37 శాతం దాకా ఉన్న అదే యాసిడ్ కొన్ని సెకన్లు పూసి కడుగుతారు.

ఇది చదివి నేను చాలాసేపు అట్లాగే కూర్చున్నా. డాక్టరు కొలత ప్రకారం, సెకన్లు లెక్కపెట్టి పూసి కడిగేసే యాసిడ్ జాతినే, బాగా పలచన చేసి, లెక్కాపత్రం లేకుండా నేను రోజంతా పూసుకుంటున్నా. ఆమె అతికిస్తే నేను విప్పుతున్నా.

1970ల మొదట్లో లండన్‌లో ప్రభుత్వ ప్రయోగశాలలో అలన్ విల్సన్, బ్రయాన్ కెంట్ కలిసి గాజుపొడి, ఒక రకం ఆమ్లం కలిపి గ్లాస్ అయనోమర్ అనే సిమెంటు తయారుచేశారు. చౌక, పంటికి తనంతట తనే అతుక్కుంటుంది, ఫ్లోరైడు కూడా వదులుతుంది. పిల్లలకీ, మనబోటి వాళ్లకీ ఎక్కువగా పెట్టేది ఇదే. కానీ పులుపు ఎక్కువైతే ఈ సిమెంటు కూడా పైపైన అరుగుతుంది. తెల్ల రెజిన్ దీనికన్నా బాగా తట్టుకుంటుంది. వెండి ముద్దకి పులుపుతో పెద్దగా పని లేదు. అయితే ఏది పెట్టినా చుట్టూ ఉన్న పన్ను కరిగితే లాభమేముంది? వానకి గట్టు మట్టి కొట్టుకుపోతే అందులోని రాయి పైకి తేలుతుంది. రాయి గట్టిదే, గట్టు లేదు. నా పంటికి జరిగింది అదే. డాక్టర్లు ఈ అరుగుడుని గుర్తుపట్టేది కూడా చాలాసార్లు ఫిల్లింగు పైకి తేలడం చూసే.

ఇదంతా మన ఊళ్లకి ఎప్పుడొచ్చింది? కోకాకోలా మన దేశానికి 1950లోనే వచ్చింది, 1977లో వెళ్లిపోయింది. అప్పుడు థమ్సప్ లాంటి దేశీ డ్రింకులు లేచినయి. మా చిన్నప్పుడు కూల్ డ్రింకంటే గాజు సీసా, కొట్టు దగ్గరే నిలబడి తాగి సీసా తిరిగి ఇచ్చేయాలి. పెళ్లికో, సినిమాకో, కొత్త అల్లుడొస్తేనో. ఐదు నిమిషాల్లో అయిపోయేది. 1993లో కోకాకోలా మళ్లీ వచ్చింది. 2003 నాటికి చిన్న సీసా ఐదు రూపాయలకి ఇచ్చారు, ఊరూరా ఐసుపెట్టెలు దిగినయి. ప్లాస్టిక్ సీసా వచ్చాక మూత బిగించి వెంట తీసుకెళ్లడం అలవాటయింది. పంటికి ఎక్కువ చేటు చేసింది ఆ మూతే అని నాకనిపిస్తుంది.

గొడవలు కూడా జరిగినయి. 2003లో డ్రింకుల్లో పురుగుమందుల అవశేషాలున్నాయని ఢిల్లీలోని ఒక సంస్థ బయటపెడితే పార్లమెంటు కమిటీ వేశారు. 2004లో మన రాష్ట్రంలో పత్తి రైతులు, ఛత్తీస్‌గఢ్‌లో వరి రైతులు పురుగుమందు బదులు కోలా కొడుతున్నారని విదేశీ పేపర్లు కూడా రాసినయి. అందులో మందేమీ లేదు, తీపికి చీమలొచ్చి పురుగుల్ని తింటాయని తెలిసినవాళ్లు చెప్పారు. ఆ తర్వాత షుగరు జబ్బు గురించి మాట్లాడారు. ఇన్నిసార్లు ఇంత మాట్లాడుకున్నా పులుపు మాట మన చెవిన పడలేదు. అందుకే నాలాంటివాడు పంచదార లేని సీసా కొని, ఒళ్లు కాపాడుకుంటున్నా అనుకుని పళ్లు పోగొట్టుకున్నాడు.

ఒకటి న్యాయంగా చెప్పాలి. నిమ్మకాయ నీళ్లు, నిమ్మ సోడా కూడా ఆమ్లమే, పీహెచ్ లెక్కన కోలాకన్నా తక్కువేం కాదు. మనదైనంత మాత్రాన పన్ను ఊరుకోదు. మజ్జిగ మాత్రం వేరు. అదీ పులుపే, 4.5 దగ్గర ఉంటుంది. కానీ అందులో కాల్షియం, ఫాస్ఫేటు నిండుగా ఉన్నయి. అప్పటికే నిండిన నీళ్లలోకి పంటినించి ఇంకా కరిగి రావడానికి చోటుండదు. పెద్దవాళ్లు చేలోకి మజ్జిగ ముంత పంపింది ఈ లెక్క తెలిసి కాదు, కానీ లెక్క కుదిరింది.

డాక్టరమ్మ చెప్పినవి, నేను చదివినవి కలిపి నాలుగు మాటలు. తాగాలనిపిస్తే అన్నంతో పాటు ఒకేసారి తాగేయండి, గుక్క గుక్కగా గంటలకొద్దీ వద్దు. నోట్లో పుక్కిలించినట్టు తిప్పొద్దు. తాగాక మంచినీళ్లతో నోరు కడుక్కోండి. వెంటనే బ్రష్ చేయొద్దు, పొర మెత్తగా ఉంటుంది, గీసుకుపోతుంది. కనీసం అరగంట, వీలైతే గంట ఆగండి. రాత్రి పడుకునేముందు అసలు వద్దు, నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది. ఎండలో పనిచేసి నోరెండిపోయినప్పుడు కూడా అంతే, ముందు నీళ్లు తాగండి. షుగరున్నవాళ్లకి నోరు ఎండడం ఎక్కువ, మనం ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఫిల్లింగు పెట్టించుకునేటప్పుడు తాగే అలవాటు డాక్టరుకి దాచకుండా చెప్పండి.

మెత్తబడిన పొర మళ్లీ గట్టిపడుతుంది. పోయిన పొర మాత్రం తిరిగి రాదు. ఎనామిల్‌ని తయారుచేసే కణాలు పన్ను బయటికి రాకముందే పని ముగించి పోతాయి. పోయిన పైమట్టికి చెరువు మట్టి తోలుకోవచ్చు, దీనికి ఆ దారి లేదు.

మొన్న మళ్లీ ఫిల్లింగు పెట్టించా. ఆమె యాసిడ్ పూసి కడిగేటప్పుడు నోట్లో పుల్లగా తగిలింది. ఆ రుచి నాకు కొత్తేం కాదు. ఇప్పుడు గట్టు మీద మజ్జిగ సీసా పెడుతున్నా. మా మనవడు వేసవి సెలవలకి వస్తున్నాడు, ఐసుపెట్టెలో వాడికోసం కొని పెట్టిన రెండు లీటర్ల సీసా ఉంది. పారబోయను, వాడిని ఏడిపించను. గ్లాసుడు పోసి, పక్కన కూర్చోబెట్టుకుని, సూపర్ బస్తా కథ చెప్పి, తర్వాత నీళ్లు తాగిస్తా. మీ ఇళ్లలో ఎవరికైనా సిమెంటు ఊరికే ఊడిపోతుంటే ఏం తాగుతున్నారో ఒకసారి అడిగి చూడండి. కింద రాయండి, అందరికీ పనికొస్తుంది.

ఉంటా మరి.